మోత చల్లారకముందే

రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే దర్జీపిన్ని ముందుగా మిషన్‌కి నూనె వేసేది. తర్వాత నిన్నటి పేలికలు ఊడ్చి మూలనున్న సంచిలో కుక్కేది. కత్తెర పదును బొటనవేలి మీద చూసుకునేది. చెడిపోయిన జిప్పులూ ఊడిన బొత్తాలూ పట్టుకొచ్చేవాళ్ళ కోసం గుమ్మం పక్క బెంచీ తుడిచేది. మనిషి పొట్టి, మాట కటువు. ప్యాంటు పొడుగు తగ్గించమని ఎవరైనా వస్తే ముందు వాళ్ళ కాళ్ళకేసి చూసి, ప్యాంటు బాగానే ఉంది, కొలిచినవాడికే బుద్ధి లేదు అనేది. అయినా వీధి వీధంతా ఆవిడ దగ్గరికే వచ్చేది. ఆవిడ వేసిన కుట్టు ఊడదు మరి.

ఆదివారం మాత్రం షట్టర్ సగమే ఎత్తేది. ఆ రోజు బేరాలుండవు. షాపు వెనక గదిలో, గుడ్డల తానుల మధ్య ఉన్న పాత టేప్ రికార్డర్ మీద ముసుగు తీసి, కాసేపు కొడుకుతో మాట్లాడుకునేది. కొడుకు అందులోని క్యాసెట్‌లో ఉంటున్నాడు.

వాడికీ ఒక మంచి పేరు పెట్టారు గానీ అందరూ డబ్బా అనే పిలిచేవాళ్ళు. నడక వచ్చిన దగ్గర్నుంచీ డబ్బా కనిపిస్తే వాయించకుండా వదిలేవాడు కాదు. తల్లి మిషన్ తొక్కుతుంటే పక్కనే చతికిలపడి, పెడల్ చప్పుడుకి సరిగ్గా కలిపి గరిటెతో రంగుల డబ్బాని బాదేవాడు. పెద్దయ్యాక బేకరీలో పిండి పిసికే పనిలో చేరాడు. పక్కవీధి కుర్రాళ్ళిద్దరితో కలిసి బ్యాండు పెట్టాడు. ఒకడు గిటారు వాయించేవాడు. రేకుని కోస్తున్నట్టు ఉండేది కాబట్టి వాణ్ణి రంపం అన్నారు. రెండోవాడు పాడేవాడు. పాడటమంటే కడుపులోంచి గుర్రుమనడం. వాడు బొంగురు. బ్యాండు పేరు చీము. కన్నతల్లులెవరూ ఆ పేరు గట్టిగా పలికేవాళ్ళు కాదు.

డెత్ మెటల్ అనే సంగీతం అప్పుడప్పుడే పుడుతున్న రోజులవి. ఎక్కడో ఎవరో వాయించింది కాపీకి కాపీకి కాపీ అయ్యి, పోస్టులో నలిగి, ఈ ముగ్గురి దాకా చేరేది. అప్పటికి ఆ క్యాసెట్లలో పాట కన్నా బుస ఎక్కువ. ఆ బుస కూడా పాటలో భాగమేననుకున్నారు పాపం, దాన్ని కూడా నేర్చుకున్నారు. డబ్బా ఒక చేత్తో డ్రమ్ము కొడుతూ, మోచేతికి కట్టుకున్న సంచీలో తల్లి బొత్తాలు పోసి ఆడించేవాడు. బుస వచ్చేది. అసలు బుస కన్నా బాగుండేది కూడా.

వాళ్ళు తీసిన ఒకే ఒక డెమో క్యాసెట్ ఆ వెనక గదిలోనే తయారైంది. నిజమైన డ్రమ్ము ఒకటి, సింబల్ అనే పగిలిన ఇత్తడి పళ్ళెం ఒకటి, మిగతావన్నీ రంగుల డబ్బాలు. పెద్ద డ్రమ్ము బదులు పాత సూట్‌కేసు, దాన్ని తన్నడానికి తల్లి పారేసిన మిషన్ పెడల్ బిగించుకున్నాడు. కూర్చోవడానికి ఆవిడ కుట్టుపని స్టూలు. పాటలు నాలుగు. మొదటిది 'శవాలకి జలుబు', రెండోది 'గొయ్యి చాల్లేదు', మిగతా రెండూ ఇంకా ఘోరం. వాయించిన తీరు సంగతి చెప్పాలంటే, ముగ్గురూ ఒకే పాట వాయిస్తున్నారని నమ్మడానికి కొంచెం జాలి ఉండాలి. కానీ అందులో ఏదో ఉంది. పళ్ళు బిగబట్టి బరువు మోసేవాణ్ణి చూస్తే ఆగి చూడాలనిపిస్తుందే, అలాంటిది.

మూడో పాట అయ్యాక రంపం గిటారు తీగ తెగింది. తిట్టుకుంటూ తీగ మార్చుకున్నాడు, రికార్డర్ తిరుగుతూనే ఉన్న సంగతి చూసుకోలేదు. చూసుకున్నాక ప్రాణం ఉసూరుమంది. వాడికి ఖాళీగా తిరిగే టేపంటే కడుపుమంట. నాలుగో పాట తర్వాత తన ఒక్కడి గిటారుతో ఇంకో పాట ఎక్కించాలని, దానికి టేపు మిగల్చాలని వాడి పట్టు. అందుకే నాలుగో పాట చివర డబ్బా సింబల్ మీద ఆఖరి దెబ్బ వెయ్యగానే, అది ఇంకా మోగుతుండగానే, టక్కున ఆపేశాడు.

రికార్డింగు చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతే, మోత చల్లారాకే ఆపాలి. రంపానికీ తెలుసు. దర్జీపిన్ని దారపు ఉండలు కొనుక్కుని వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. కర్రలు రెండూ నేల మీదున్నాయి.

"వాడేడిరా?" అంది.

"మోత చల్లారకముందే ఆపేశాను పిన్నీ. టేపు అయిపోతోందని," అన్నాడు రంపం తల దించుకుని.

వీధి చివర రేడియో మెకానిక్ వచ్చి చూసి పెదవి విరిచాడు. చల్లారకముందే ఆపితే అంతే మరి అన్నాడు. పూర్వం ఒక రేడియో స్టేషన్‌లో కూడా ఒకావిడని ఇలాగే ఆపేశారట. ఇంకొకామెని అలాగే తొందరపడి ఆపేసేదాకా ఈవిడే పగలూ రాత్రీ వార్తలు చదువుతూ కూర్చుందట. లోపల కుర్చీ ఒక్కటే ఉంటుంది కదా, కొత్తామె కూర్చున్నాక పాతావిడ లేచి పక్కన నడుం వాల్చిందట. బయటికి రాలేదా అని దర్జీపిన్ని అడిగితే, బయటికెలా వస్తారమ్మా అని ఆయనే వింతగా చూశాడు.

బేకరీవాళ్ళు వాడి ఏప్రన్ ఉతికి మడతపెట్టి పంపించారు. వీధిలో వాళ్ళు మీవాడెలా ఉన్నాడని అడిగితే, వాయిస్తున్నాడు అని చెప్పేది. వెనక గదిలో స్టూలూ డబ్బాలూ ఎక్కడివక్కడే ఉంచింది. తన కోసం వేరే స్టూలు కొనుక్కుంది.

లోపల వాడి బతుకు ఎలాంటిదంటే, క్యాసెట్ ఎవరు వేసినా, ఏ కాపీ వేసినా, వాడు వాయించాల్సిందే. రంపం తీగ మార్చుకున్న ఆ సందులో మాత్రం పని లేదు. అప్పుడు తల్లి పలకరిస్తే పలికేవాడు. దర్జీపిన్ని క్యాసెట్‌ని సరిగ్గా ఆ సందు మొదటికి తిప్పి పెట్టడం నేర్చుకుంది. క్యాసెట్ కిటికీలోంచి టేపు మందం చూస్తే ఆవిడకి తెలిసిపోయేది. నాలుగో పాట మొదలయ్యే ముందే ఆపేసేది. నవ్వైనా దగ్గైనా పూర్తిగా చల్లారాకే ఆపేది.

మాట్లాడుకునేది పెద్ద విషయాలేం కాదు. లోపలా ఇదే గది, తలుపొక్కటే లేదు అనేవాడు వాడు. ఈవిడ వీధిలో కబుర్లు చెప్పేది. వాడి గొంతు ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. ఈవిడ గొంతే ఏటికేడు సన్నబడి వణకసాగింది.

"జలుబు చేసిందా అమ్మా?" అని అడిగేవాడు.

"ఆ, కొంచెం పట్టింది," అనేది ఆవిడ. ఎన్నేళ్ళయినా అదే జలుబు.

మొదట్లో వాడు ఆ సందులో రొప్పుతూ దొరికేవాడు. రంపం ఆ క్యాసెట్‌కి కాపీలు తీసి, జిరాక్స్ అట్టలు చుట్టి, తెలిసినవాడికీ తెలియనివాడికీ పంచిపెట్టాడు. వాళ్ళు వేసినప్పుడల్లా లోపల వీడికి పని. పోను పోను కాపీలు తగ్గిపోయాయి. కొన్నిటి మీద పిల్లల ఎక్కాలు రికార్డయ్యాయి, కొన్నిటిని టేప్ రికార్డర్లే నమిలేశాయి, కొన్ని కార్లలో ఎండకి వంకర్లు తిరిగాయి. చీము అనే బ్యాండు ఒకటుండేదని జనం మర్చిపోయారు. డబ్బాకి నిద్ర దొరికింది. లోకం చేసే మేళ్ళలో మర్చిపోవడం కూడా ఒకటని దర్జీపిన్నికి అప్పుడు తెలిసింది. ఆవిడ సంతోషంగానే ఉంది. ఆ మాట దాచాల్సిన పనేం లేదు, చాలామంది తల్లుల కన్నా ఎక్కువగానే కొడుకుతో మాట్లాడింది.

బొంగురు వేరే ఊళ్ళో బస్సు నడుపుతున్నాడని విన్నారు. రంపం బాత్రూం టైల్స్ అమ్మే కంపెనీలో చేరి, పొట్ట పెంచి, టై కట్టుకుని తిరిగేవాడు. గిటారు అటకెక్కింది. ఆవిడ షాపు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే అవతలి పక్కన నడిచేవాడు. వాడి భార్య మాత్రం వచ్చేది. ఆ అమ్మాయి ఎలక్ట్రికల్ స్పేర్‌పార్ట్స్ షాపు కౌంటర్లో పనిచేసేది. రికార్డర్ లోపల రబ్బరు బెల్టు వదులైతే డబ్బా మాట ముద్దముద్దగా వచ్చేది. ఆ బెల్టులు తయారుచెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది. షాపులో మిగిలినవన్నీ ఆ అమ్మాయి దర్జీపిన్ని కోసం ఒక అట్టపెట్టెలో వేరే పెట్టింది. తనే వచ్చి మార్చేది, టేపు ఆనుకుని తిరిగే హెడ్డుని దూదితో తుడిచేది, సందులో డబ్బా పలకరిస్తే బాగున్నావా అన్నయ్యా అనేది. ఈ కథలో మంచి మనిషి ఎవరంటే ఆ అమ్మాయే. మంచితనం ఎవరికీ అక్కరకి రాలేదు, అది వేరే సంగతి.

పాత కార్లు విడగొట్టే చోట ఒక కారు డాష్‌బోర్డులో చీము కాపీ ఒకటి బయటపడటంతో అంతా మొదలైంది. దొరకబుచ్చుకున్నవాడు ఇలాంటి మరుగునపడ్డ డెమోలు సేకరించే మనిషి, ఏ క్యాసెట్‌నైనా తెల్ల గ్లవ్సు వేసుకునే ముట్టుకుంటాడు. అది విని వాడు రెండు రోజులు అన్నం మానేశాడట. అట్ట మీది చిరునామా పట్టుకుని రంపాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. టైల్స్ షోరూములో, కొనేవాళ్ళ ముందే, మీరు వాయించినంత మొరటుగా ఇప్పటిదాకా ఎవరూ వాయించలేదు సార్ అని చేతులు పట్టుకున్నాడు. రంపాన్ని ఎవరైనా సార్ అని చేతులు పట్టుకుని చాలా కాలమైంది. ఆ రోజు సాయంత్రమే అటకమీంచి గిటారు దింపాడు.

కాపీలో నాలుగో పాట సగం పాడైపోయింది. అసలు క్యాసెట్ కావాలి. అది దర్జీపిన్ని దగ్గరుంది.

ఈసారి రంపం అవతలి పక్కన నడవలేదు. తిన్నగా షాపులోకొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్క మధ్యాహ్నం ఇమ్మని అడిగాడు. ఆవిడ ఇవ్వనంది. వాడు లేచి వెళ్ళినట్టే వెళ్ళి, గుమ్మం దగ్గర ఆగాడు.

"కంప్యూటర్లో పెడితే ఆ సందుని పొడుగు చెయ్యొచ్చు పిన్నీ. కోసి అతికిస్తారు. అప్పుడు మీరిద్దరూ ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడుకోవచ్చు."

ఆ అబద్ధం వాడికి అప్పటికప్పుడే తట్టిందో, దారిలో ఆలోచించుకుని వచ్చాడో తెలియదు. జీవితమంతా పిల్లల యూనిఫారాల అంచులు విప్పి పొడుగు చేసిన మనిషి ఆవిడ. సందుని పొడుగు చెయ్యడమంటే ఆవిడకి వెంటనే అర్థమైంది, నమ్మకమూ కుదిరింది. క్యాసెట్‌ని మెత్తటి గుడ్డలో చుట్టి వాడి చేతుల్లో పెట్టింది.

మర్నాడు తిరిగిచ్చాడు. సందు ఎంతుండేదో అంతే ఉంది. టెక్నికల్‌గా కుదరలేదు పిన్నీ అన్నాడు.

తర్వాతి కొన్నాళ్ళలోనే చీము రికార్డుగా వచ్చింది, ఫోన్లలోకీ ఎక్కింది. మొదట పదిమంది విన్నారు, తర్వాత ఊళ్ళకి ఊళ్ళు విన్నాయి. ఆదివారం దర్జీపిన్ని సందులో పలకరిస్తే డబ్బా మాట్లాడలేదు. సందులో ఎప్పుడూ వినపడని డ్రమ్ము చప్పుడు వెనకాల నుంచి వస్తోంది. దాని మీద రొప్పు. చాలాసేపటికి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

"ఆపట్లేదమ్మా... ఒకడు ఆపితే... ఇంకొకడు..."

ఆవిడ ఆపేసింది. ఈవిడ ఆపినంత మాత్రాన వాడికి ఆగదు. మళ్ళీ వేసి వినే ధైర్యం లేక, ముసుగు కప్పి, ముందు గదిలోకొచ్చి కూర్చుంది. ఆ రోజు చేతిలోకి తీసుకున్న చొక్కా సాయంత్రం దాకా అలాగే ఒళ్ళో ఉండిపోయింది.

గ్లవ్సు అబ్బాయి తనంతట తనే ఆవిణ్ణి చూడ్డానికి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయట విప్పాడు. డ్రమ్మర్ తల్లిని చూసినందుకు కళ్ళు చెమర్చాయి కూడా. అమ్మడం ఆపు నాయనా, వాడికి ఊపిరాడట్లేదు అని ఆవిడ చెబితే, శ్రద్ధగా విన్నాడు.

"ఇప్పుడొచ్చేవన్నీ నున్నగా ఉంటున్నాయమ్మా. ఇందులో మనిషి అరిగిపోతున్నట్టు వినిపిస్తుంది. అలాంటిది ఎక్కడా దొరకదు."

"అరిగిపోతున్నది మావాడు."

"అవునమ్మా. అందుకే," అన్నాడు వాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. రెండో పాటలో డ్రమ్ము తడబడి, ఒక్కసారి ఎక్కిళ్ళలాంటి ఊపిరి వినపడే చోటు తనకి అన్నిటికన్నా ఇష్టమని, రోజూ పడుకునేముందు అది విననిదే నిద్రపట్టదని చెప్పి, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆవిడ రంపం షోరూముకి నడిచి వెళ్ళింది. గోడంతా టైల్సు, నేలంతా టైల్సు, మధ్యలో టై కట్టుకుని వాడు. ఆవిణ్ణి చూసి సంబరంగా ఫోన్ తీసి, జనం రాసినవి చదివి వినిపించాడు. డ్రమ్మర్ చచ్చిపోతూ వాయించినట్టుంది అని ఒకడు రాశాడు, ఇంత మొరటు అందం వినలేదని ఇంకొకడు. ఆవిడ చివరిదాకా విని, ఆపించరా అంది.

"ఎవరెక్కడ వింటున్నారో నాకేం తెలుసు పిన్నీ? వాళ్ళ చెవులు, వాళ్ళిష్టం. నా చేతిలో ఏముంది?" అన్నాడు రంపం. "ఇన్నాళ్ళకి వాడికీ పేరొచ్చింది. సంతోషించండి."

ఆవిడ తిరిగి షాపుకొచ్చి, సగంలో ఉన్న జిప్పు పూర్తిచేసింది. కోపం అప్పుడు రాలేదు. రెండు మూడు రోజులకి వచ్చింది, వచ్చాక ఇంక పోలేదు.

ఆ వారం రంపం భార్య బెల్టు మార్చడానికి వచ్చింది. మొగుడు చేసిన పనికి ఆ అమ్మాయి తల ఎత్తలేకపోతోంది. దర్జీపిన్ని ఆమెని ఏమీ అనలేదు. ఈ క్యాసెట్ మీద ఇంకేమీ రికార్డు చెయ్యడానికి ఉండదా అని మాత్రం, బెల్టు గురించి అడిగినట్టే అడిగింది.

"పైన ఈ చిన్న ప్లాస్టిక్ పలక విరిచేశారు కదా పిన్నీ, అందుకని బటన్ దిగదు. ఈ కన్నం మీద ఏదైనా ముక్క అతికిస్తే దిగుతుంది," అని ఆ అమ్మాయి వేలుపెట్టి చూపించింది. "చివర్లో కొంచెం ఖాళీ టేపు ఉంది కూడా. ఆయన తన పాట కోసం ఉంచుకున్నది."

ఆమె వెళ్ళాక దర్జీపిన్ని, కాలర్లలో పెట్టే గట్టి గుడ్డలోంచి గోరంత ముక్క కత్తిరించి, కన్నం మీద అతికించింది. క్యాసెట్‌ని నాలుగో పాట దాటించి, ఖాళీ టేపు మొదట్లో నిలిపింది.

రంపం రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. రికార్డుని మళ్ళీ అచ్చు వేస్తున్నారు, లోపలి అట్టకి ఆ గదిలో ఫోటో కావాలన్నాడు గ్లవ్సు అబ్బాయి. గది ఏ స్థితిలో ఉందో చూసిపోదామని రంపం ఒక మధ్యాహ్నం భోజనాల వేళ టైల్స్ శాంపిళ్ళ బ్యాగుతో దిగాడు. దర్జీపిన్ని రా నాయనా అంది. ఆవిడ నోట ఆ మాట వాడు ఎన్నడూ విని ఎరగడు. ఇంకొకడైతే అక్కడే ఆగిపోయేవాడు. కొత్తగా పేరు వచ్చినవాడికి మాత్రం ఎవరు ఎలా పిలిచినా సబబుగానే అనిపిస్తుంది.

వాడి చొక్కా బొత్తం ఒకటి దారానికి వేలాడుతోంది. నిలబడు అని, సూది తీసుకొచ్చి, వాడి మీదే కుట్టింది. వంగి దారం కొరికింది. వాడికి కళ్ళు చెమర్చాయి.

"మీకు నా మీద కోపమనుకున్నాను పిన్నీ."

"కోపమెందుకు? పేరొచ్చింది కదా," అంది ఆవిడ. "ఫోటోలో స్టూలు మీద ఎవరు కూర్చుంటారు?"

తనే కూర్చుంటే బాగుంటుందన్నారని చెప్పాడు. అయితే ఒకసారి కూర్చుని చూడమంది. వాడు శాంపిళ్ళ బ్యాగు గుమ్మంలో పెట్టి, డబ్బాల వెనక్కి వెళ్ళి, పొట్ట సర్దుకుని కూర్చున్నాడు. దర్జీపిన్ని ముసుగు కప్పి ఉన్న రికార్డర్ పక్కన నిలబడింది. చెయ్యి ముసుగు కిందికి పోనిచ్చి రికార్డు చేసే రెండు బటన్లూ కలిపి నొక్కింది. బటన్లు దిగాయి.

"సింబల్ కొట్టు. వాడి చెయ్యి ఎంత ఎత్తుకి లేచేదో నాకు గుర్తుంది, నేను చెప్తాను."

వాడు కొట్టాడు. ఇంకా పైనుంచి అంది. మళ్ళీ కొట్టాడు. ఇంకా అంది. వాడికి హుషారొచ్చింది. టై భుజం మీదికి విసిరి, రెండు కర్రలూ ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టి, ఎలా ఉందన్నట్టు ఆవిడకేసి చూసి నవ్వాడు. ఆ క్షణం వాడు పాతరోజుల్లో పిల్లాడిలాగే ఉన్నాడు. ఆవిడకి అది కనపడింది కూడా. గోడకున్న కత్తెరలు మోగుతున్నాయి, తానుల మధ్య నుంచి మోత ఇంకా తిరుగుతోంది. ముసుగు కింద వేలు దించి ఆపేసింది.

గుడ్డ కోసినట్టే, ఒక్క కోతలో మోత తెగింది.

ఖాళీ స్టూలుకేసి చూడకుండా క్యాసెట్‌ని సందు దాకా వెనక్కి తిప్పింది. వెనకాల డ్రమ్ము చప్పుడు తప్పుతప్పుగా వినిపిస్తోంది.

"అమ్మా, రంపంగాడు వచ్చాడు," అన్నాడు డబ్బా.

"తెలుసు నాన్నా."

"స్టూలు ఇచ్చేశాను. వీడికి పెడల్ తన్నడం రావట్లేదే." కాస్త నవ్వాడు, ఆయాసం ఇంకా తీరలేదు. "నేను కొంచెంసేపు పడుకోనా?"

"పడుకో."

తర్వాత గురక వినిపించింది. ఆవిడ నాలుగో పాట మొదలయ్యే దాకా ఆ గురక విని, అప్పుడు ఏడ్చింది.

అన్ని కాపీల్లోనూ, అందరి ఫోన్లలోనూ డ్రమ్ములు ఆ రోజు నుంచే చెడిపోయాయి. దెబ్బ పడాల్సిన చోట పడదు, పడకూడని చోట రెండు పడతాయి. జనం ఊరుకుంటారా, ఎగబడ్డారు. ఇదివరకటివాడికి కాస్త వాయించడం వచ్చు, అదే లోటుగా ఉండేది, ఇప్పుడు అసలైన మొరటుదనం దొరికిందని గ్లవ్సు అబ్బాయి రాశాడు. పాటల మధ్యలో ఎవరో ఆపండి, ఆపండి అని అరవడం వినిపిస్తోంది. అది పాటలో మాటే అనుకుని, కుర్రాళ్ళు కలిసినచోటల్లా దానికి గొంతు కలిపి అరుస్తున్నారు.

శాంపిళ్ళ బ్యాగుని దర్జీపిన్నే మనిషిచేత వాళ్ళింటికి పంపించింది. రంపం భార్య కొన్నాళ్ళు రాలేదు. వచ్చిన రోజు ఏడుపు మొహంతో రాలేదు, కౌంటర్లోంచి వచ్చినట్టే వచ్చింది. బెంచీ మీద కూర్చుని, సందులో ఆయనతో ఒక్కసారి మాట్లాడనివ్వమంది.

"సందులో మావాడు పడుకుంటాడు. మాట్లాడితే లేస్తాడు," అంది దర్జీపిన్ని మిషన్ ఆపకుండా.

ఆ అమ్మాయి తన చేతులకేసి చూసుకుంది. పోనీ, అమ్మడం ఆపమని ఆ గ్లవ్సు అబ్బాయితో చెప్పమంది. మీరు చెబితే ఇప్పుడైనా వింటాడేమో పిన్నీ అంది.

"ఎవరెక్కడ వింటున్నారో నాకేం తెలుసమ్మాయ్? వాళ్ళ చెవులు, వాళ్ళిష్టం. నా చేతిలో ఏముంది?"

ఆ మాటలు ఎవరివో నోట్లోంచి బయటపడ్డాక ఆవిడకే తెలిసింది. వెనక్కి తీసుకోవచ్చు. ఎదురుగా ఉన్నది, ఇన్నేళ్ళూ బెల్టులు దాచిపెట్టి తెచ్చిన మనిషి. ఆవిడ తీసుకోలేదు, గుడ్డ తిప్పి రెండో అంచు మొదలుపెట్టింది.

రంపం భార్య లేచి వెనక గదిలోకి వెళ్ళింది. ఎప్పట్లాగే ముసుగు తీసి, దూదితో హెడ్డు తుడిచింది. కన్నం మీది గుడ్డముక్క చూసింది. అది అతికించడం ఎలాగో తను చెప్పిందే. క్యాసెట్‌ని వెలుతురుకి పెట్టి, చివర ఇంకా ఎంత టేపు మిగిలిందో చూసింది. కొంచెమే ఉంది, ఒక్క దెబ్బకి సరిపోతుంది. ఆ తర్వాత స్టూలుకేసీ, తలుపులోంచి కనపడుతున్న దర్జీపిన్ని వీపుకేసీ చూసింది. మిషన్ ఆగింది. దర్జీపిన్ని వెనక్కి తిరిగి ఆ చూపుని చూసింది.

"బెల్టు వదులైంది పిన్నీ," అంది ఆ అమ్మాయి మెల్లగా. "రేపు కొత్తది తెస్తాను. వేశాక ఒకసారి రికార్డు చేసి చూడాలి. మీరు స్టూలు మీద కూర్చుని ఆ సింబల్ కొడితే చాలు."

ఇలా అడిగేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వస్తారని దర్జీపిన్నికి తెలుసు. ఇంత మర్యాదగా అడుగుతారనుకోలేదు.

"పొద్దున్నే రా," అంది. "అప్పటికి చేతిలో పనులు అయిపోతాయి."

ఆ అమ్మాయి వెళ్ళాక అంచు పూర్తిచేసి దారం కొరికింది. ఇవ్వాల్సినవన్నీ ఇస్త్రీ చేసి, వచ్చినవాళ్ళు తమంతట తామే తీసుకునేలా గుమ్మం పక్కన వరసగా తగిలించింది. కొలతలిచ్చేవాళ్ళు చూసుకునే అద్దం ముందు నిలబడింది. జుట్టంతా ముగ్గుబుట్టయింది. ఇన్నేళ్ళూ జలుబని చెప్పుకొచ్చింది, రేపు లోపల కొడుకు కళ్ళారా చూస్తే ఆ అబద్ధం నడవదు. దువ్వుకుని, గట్టిగా ముడి వేసుకుంది.

తర్వాత వెనక గదిలోకి వెళ్ళి, ఇన్నాళ్ళూ తను ముట్టని ఆ స్టూలు మీద కూర్చుంది. సూట్‌కేసు ముందున్న పెడల్ ఒకప్పటి తన మిషన్‌దే. దాని మీద కాలు పెట్టి తొక్కింది. కాలు ఎక్కడా తప్పలేదు. రంపం కన్నా నయమే. వాడు స్టూలు మీంచి లేస్తే లేవనీ, పక్కన పడుకుంటే పడుకోనీ, ఆ చప్పుడుకి డబ్బా మాత్రం నిద్రలేవడు. చిన్నప్పుడు వాడు నిద్రపోయింది ఆ చప్పుడు పక్కనే.